వదిన కోసం పాత పాటలు

కత్తెరమ్మ కుట్టుదుకాణంలో రేడియో మోగితేనే పని మొదలైనట్టు లెక్క. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ వెలుతురులో రెండు మిషన్లు, ఒకటి ఆమెది, ఒకటి కోడలిది. గది మధ్యలో బట్ట కత్తిరించే పొడుగాటి బల్ల. ఒక మూలకు పరదా కట్టి, తొడిగి చూసుకోవడానికి మనిషి పట్టేంత చోటు. ఎదుటి గోడ దగ్గర ఇస్త్రీ బల్ల, దాని వెనక ఆమె భర్త. బస్సు నడిపి రిటైరైన మనిషి కనుక వీధికంతా ఆయన ఇప్పటికీ డ్రైవరుగారే. ఆయన తల పైన చెక్క అరలో రేడియో ఉండేది. పొద్దున్నే దాని చెవి మెలిపెట్టేది ఆయనే. అందులో శుభ్రంగా పలికేది ఊరి స్టేషను ఒక్కటే. ఆ స్టేషను వేసేవి పాత పాటలే.

ఆ సోమవారం ఆయన చెవి మెలిపెట్టగానే రేడియోలోంచి డ్రమ్ములు దూకాయి. వాటి వెనకాలే ఈల, ఈల వెనకాలే ఊపిరి తీసుకోకుండా పాడే ఓ అమ్మాయి గొంతు.

ఇస్త్రీపెట్టె పట్టుకున్న డ్రైవరుగారి చెయ్యి ఉన్నచోటే ఉండిపోయింది. కింద ఎవరిదో తెల్లచొక్కా కాలరు.

"మామయ్యా, కాలరు!" అని కోడలు కేకేసింది కాబట్టి చొక్కా దక్కింది.

పక్క గుమ్మంలోంచి మరిది పరిగెత్తుకొచ్చాడు. డ్రైవరుగారి తమ్ముడు. గోడకవతల అతని గడియారాల దుకాణం. పెళ్ళి చేసుకోలేదు, టీ భోజనం అన్నీ అన్నగారింట్లోనే. వీధి పిల్లలు అతన్ని టిక్‌టిక్ బాబాయి అంటారు. పాత పాటలంటే చెవి కోసుకునే మనిషి. గడియారాలు చూసే చిన్న భూతద్దం ఇంకా కుడికంట్లోనే ఉంది.

"వదినా! రేడియోకి ఏమైంది? ఎవరైనా కింద పడేశారా?"

సమాధానం రేడియోయే చెప్పింది. "శ్రోతలకు నమస్కారం! ఇవాళ్టి నుంచి మనది కొత్త పాటల స్టేషను. పొద్దుట్నుంచి రాత్రి దాకా హుషారే హుషారు!"

మరిది కంట్లోని భూతద్దం జారి బల్ల మీద పడింది.

"అన్యాయం," అన్నాడు. "నా సంగతి పోనీ. వదిన సంగతేంటి? ఆ పాటలే ప్రాణంగా బతికిన మనిషి. ఈ వయసులో ఆవిడకి ఈ మోతా?"

ముగ్గురూ కత్తెరమ్మ వైపు జాలిగా చూశారు. ఆమె కిందికి చూసుకుంది. ప్యాంటు కాలు అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టి ఎంతోసేపు కాలేదు. అప్పుడే అయిపోయింది. తొక్కుడుపలక మీద పాదాలు డ్రమ్ముల వరసలో ఇంకా కదులుతున్నాయి. ఆమె గబుక్కున వాటిని ఆపేసింది.

"పోనీలే అబ్బాయ్, ఏం చేస్తాం," అంది, ముఖం వీలైనంత దిగులుగా పెట్టి.

అసలు సంగతి ఏమిటంటే, ఆమెకు దిగులు లేదు. ఒళ్ళంతా తేలికగా ఉంది. ఆ పాత పాటల్లో ఏ గాయకుడు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటాడో ఆమెకు తెలుసు. ఏ పాట తర్వాత ఏది వస్తుందో తెలుసు. ఏడుపు పాట వస్తే కూరలు తరిగే వేళ అయిందనీ, పడవ పాట వస్తే బడి పిల్లలు ఇళ్ళకు వస్తున్నారనీ తెలుసు. ఇన్నేళ్ళూ అది విసుగని ఆమె అనుకోలేదు. రోజూ ఉండేదే కదా, గోడ ఉన్నట్టు ఉంది. ఇప్పుడు ఆ అమ్మాయి పాటలో తర్వాతేం రాబోతోందో తెలియకపోవడం ఎంత బాగుందో! మధ్యలో డ్రమ్ములన్నీ ఠక్కున ఆగిపోయి, పాట అయిపోయిందనుకునేంతలో ఈల అందుకుంటుంది. ఆ చోట ఆమెకు నవ్వొచ్చింది. నవ్వును దగ్గులోకి మార్చుకుంది.

మంగళవారానికల్లా ఆ వీధిలో వేరే మాట లేదు. దుకాణానికి వచ్చినవాళ్ళు బట్టలిచ్చి వెళ్ళడం మానేసి, బల్ల చుట్టూ చేరి వాదించుకోవడం మొదలుపెట్టారు.

"నా మాట వినండి," అన్నాడు ఎదురుగా సెలూన్ నడిపే మంగలి. "మెడ మీద నా కత్తి ఉందా, పైన ఈ పాట వస్తోందా, మనిషి తలాడిస్తున్నాడు! నిన్న ఒకాయన చెవి వెంట్రుకవాసిలో తప్పించుకుంది."

"మా షాపులో మాత్రం హాయిగా ఉంది," అంది మందులషాపావిడ. "పాత పాటలొచ్చే రోజుల్లో మందు తీసుకున్నాక కూడా కదిలేవారు కాదు. అక్కడే నిలబడి నిట్టూర్పులు. ఇప్పుడు చకచకా వచ్చి చకచకా పోతున్నారు. దగ్గుమందు కొన్నాయన కూడా ఊగుతూనే పోయాడు."

యూనిఫాం కుట్టించడానికి కూతురితో వచ్చిన లెక్కల టీచరు తల అడ్డంగా ఊపాడు. "పాత పాటల్లో మాటలు తెలిసేవండీ. ఈ అమ్మాయి ఏం చెబుతోందో నిన్నట్నుంచి వింటున్నా, ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు."

"తెలిసి ఏం చేస్తారు, పరీక్ష పెడతారా?" అంది మందులషాపావిడ.

పిల్ల కిసుక్కుమంది. టీచరు కూడా నవ్వాడు గానీ పార్టీ మారలేదు.

మరిదికి ఆ వాదనలేవీ చాలలేదు. "మీ చెవులూ మీ మందులూ కాదు," అన్నాడు. "మా వదిన్ని చూడండి. నిన్నట్నుంచి నోట మాట లేదు."

నోట మాట లేని మాట నిజమే. నోరు తెరిస్తే కూనిరాగం బయటపడుతుందని ఆమె భయం.

రేడియో స్టేషనులో మేనేజరు కొత్తగా వచ్చిన అమ్మాయి. గొంతు చురుగ్గా, ఎవరేమన్నా నవ్వుతూనే ఉంటుంది. ఈ గొడవ ఆమెకు మహదానందంగా ఉన్నట్టుంది. రోజూ సాయంత్రం శ్రోతలు ఫోను చేసి తిట్టేవాళ్ళు తిట్టొచ్చు, మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకోవచ్చు అని ప్రకటించింది.

బుధవారం సాయంత్రం మందులషాపావిడ కొత్త గౌను కొలతకు నిలబడింది. కత్తెరమ్మ కింద కూర్చుని, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, అంచు చుట్టూ ఒక్కొక్కటే గుచ్చుతోంది. అప్పుడు రేడియోలో మరిది గొంతు వినబడింది.

"హలో, మేనేజరమ్మా! నేను నాకోసం మాట్లాడటం లేదు. మా వదిన కోసం మాట్లాడుతున్నాను. పాతికేళ్ళకు పైగా మీ స్టేషనే ఆవిడకి తోడు. మీరు పాటలు మార్చిన దగ్గర్నుంచి ఆవిడ అన్నం సరిగా తినడం లేదు!"

కత్తెరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. మధ్యాహ్నం ఆమె రెండోసారి వడ్డించుకుని మరీ తింది. "ఊఁ! ఊఁహూఁ!" అంది సూదుల మధ్యనుంచి.

"అయ్యో, ఏడవకండి," అంది మందులషాపావిడ, ఆమె తల మీద చెయ్యి వేసి. "నేను కొత్త పాటలకే ఓటన్నానని ఏమీ అనుకోకండి. మీరింత బాధపడుతున్నారని నాకు తెలీదు."

"రాత్రిళ్ళు నిద్ర కూడా లేదు!" అన్నాడు రేడియోలో మరిది.

"ఊఁహూఁహూఁ!"

"అయ్యయ్యో," అంది రేడియోలో మేనేజరు. "అయితే శనివారం మా దగ్గర శ్రోతల సభ పెట్టుకుంటున్నాం కదా, మీ వదినగారిని తీసుకురండి. ఆవిడ మాటే మేం మొదట వింటాం."

కత్తెరమ్మ చివరి సూది నోట్లోంచి తీసేసరికి ఫోను పెట్టేయడం, మళ్ళీ డ్రమ్ములు మొదలవడం కూడా అయిపోయింది.

ఆ తర్వాత ఆమె కష్టాలు పెరిగాయి. వీధిలో వాళ్ళు పళ్ళు పట్టుకొచ్చారు. లెక్కల టీచరు ఆమె చేతులు రెండూ పట్టుకుని, "మేమంతా మీ వెనకే ఉన్నాం," అన్నాడు. అన్నిటికన్నా పెద్ద కష్టం భర్త వల్ల వచ్చింది. డ్రైవరుగారు మాటల మనిషి కాదు. గురువారం పొద్దున్న అటక మీదికెక్కి, దుమ్ము కొట్టుకుపోయిన టేప్‌రికార్డరూ, ఓ పెట్టెడు క్యాసెట్లూ దింపారు. వాటిని గుడ్డతో తుడిచి రేడియో పక్కన పెట్టి, రేడియో కట్టేశారు.

"ఇక నీ పాటలు నీకున్నాయి," అన్నారు. "ఊరు ఎటుపోతే మనకేం."

ఆయన ముఖంలో ఆ ఆప్యాయత చూసి కత్తెరమ్మ తలూపి మిషను ముందు కూర్చుంది. ఏడుపు పాట మొదలైంది. దాని తర్వాత పడవ పాట వస్తుందని ఆమెకు తెలుసు. వచ్చింది.

మధ్యాహ్నం కోడలికి తన ఫోను కనబడలేదు. మిషను మీద, వంటింట్లో, మంచం కింద వెతికింది. చివరికి బట్టల తానులు పెట్టే వెనకగది తలుపు తీసింది. తానుల మధ్య అత్తగారు తలుపు వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఒక చేతిలో కొలతల టేపు, దాన్ని గాల్లో గిరగిరా తిప్పుతోంది. నడుము కుడికి, తల ఎడమకి. ఈల వచ్చే చోట తనూ ఈల వేయబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

కోడలు నవ్వు ఆపుకుందామనుకుంది. ఆగలేదు.

కత్తెరమ్మ తిరిగి చూసి, టేపు వెనక దాచుకుంది. అప్పటికే ఆలస్యమైంది. ఇద్దరూ తానుల మీద కూలబడి, ఒకరి భుజం మీద ఒకరు పడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా ఈ భాగోతం?"

"సోమవారం నుంచి. గట్టిగా మాట్లాడకు, వింటారు."

"వింటే ఏం? మామయ్యగారికి చెప్పేయండి."

కత్తెరమ్మ నవ్వు తగ్గింది. "ఎలా చెప్పను అమ్మాయ్? ఆ పాటలంటే ఆయనకి ప్రాణం. బస్సు దిగి ఇంటికొచ్చిన తొలి రోజుల్నుంచీ చూస్తున్నా, రేడియో ముట్టకుండా చొక్కా విప్పేవారు కాదు. ఇప్పుడు నాకు అవి విసుగని చెబితే, ఇన్నేళ్ళూ విసుక్కుంటూ పక్కన కూర్చున్నావా అంటారు. పైగా మీ చిన్నమామయ్య! పాపం, నా పేరు మీద ఊరంతా తిరుగుతున్నాడు."

"మరి శనివారం మైకు ముందు ఏం చెబుతారు?"

"ఏదో ఒకటి గొణిగి దిగిపోతాను."

శనివారం సభ స్టేషను కిందే జరిగింది. స్టేషను మేడ మీద ఉంటుంది, కింద ఇనుప సామాన్ల కొట్టు. కొట్టువాళ్ళు గోదాంలో నట్లూ బోల్టుల పెట్టెలు గోడలకు జరిపి కుర్చీలు వేశారు. కుర్చీ దొరకనివాళ్ళు పెట్టెల మీదే కూర్చున్నారు. మరిది ఇస్త్రీ కోటు వేసుకుని ముందు వరసలో ఉన్నాడు, పక్కన అన్నగారు. కత్తెరమ్మ కొడుకు బస్సు డిపోలో డ్యూటీ ఉండి రాలేదు గానీ, అక్కడ మెకానిక్కులంతా రేడియో పెట్టుకుని వింటున్నామని ఫోను చేశాడు.

మైకు ముందు మేనేజరు నిలబడింది. "ఇక్కడ మాట్లాడేదంతా పైనుంచి రేడియోలో వెళ్ళిపోతోంది, గుర్తుపెట్టుకోండి. తిట్టేవాళ్ళు కాస్త పద్ధతిగా తిట్టండి," అని మొదలుపెట్టింది.

మంగలి చెవుల సంగతి చెప్పాడు. మందులషాపావిడ ఈసారి కత్తెరమ్మ వైపు చూడలేక, తన మాటను సగం మింగేసింది. ఓ కాలేజీ కుర్రాడు లేచి, పాత పాటలు వింటే తనకు క్లాసులో ఉన్నట్టుంటుందన్నాడు. లెక్కల టీచరు వెనక్కి తిరిగి, "నువ్వు క్లాసులో ఎప్పుడున్నావు నాయనా?" అన్నాడు. గోదాం రేకులు ఎగిరేలా నవ్వులు. ఓ పెద్దాయన పాత పాట ఒకటి అందుకోబోతే, ఆయన మనవరాలు చొక్కా పట్టి కూర్చోబెట్టింది. ఒకరి మాట పూర్తికాకుండా మరొకరు లేస్తున్నారు. చేతులూ వేళ్ళూ గాల్లో ఆడుతున్నాయి. అంత కోపంగా వాదించుకుంటున్నవాళ్ళు అంత సంతోషంగా ఉండటం మేనేజరు ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు మరిది లేచాడు. "మా వదిన మాట్లాడుతుంది."

లేచి నిలబడ్డవాళ్ళంతా కూర్చున్నారు.

కత్తెరమ్మ వెళ్ళి మైకు ముందు నిలబడింది. ఏం చెప్పాలో మరిది ముందే నేర్పాడు: నా పాటలు నాకివ్వండి. మూడే మాటలు. ఆమె నోరు తెరిచింది. "నా..." అంది. అక్కడ ఆగిపోయింది. జనమంతా కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. లెక్కల టీచరు జేబురుమాలు తీసేశాడు కూడా.

మేనేజరు మెత్తగా అడిగింది. "తొందరేం లేదమ్మా. అదంతా వదిలేయండి. మీకు ఇప్పుడు ఒక్క పాట వేయమంటే ఏది వేయాలి, అది చెప్పండి చాలు."

ఎన్నేళ్ళయిందో ఆమెను ఎవరైనా అలా అడిగి. అందరూ ఆమెకు ఏం కావాలో చెప్పినవాళ్ళే. కత్తెరమ్మ పైట సర్దుకుంది. ముఖం తనంతట తనే విప్పారింది.

"అదే," అంది, "మధ్యలో డ్రమ్ములన్నీ ఆగిపోయి, అయిపోయిందనుకుంటే ఈల వస్తుంది చూడు. ఆ పిల్ల పాట. అది వెయ్యి."

ఎవరికీ ఓ క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరూ నమ్మలేదు.

"కొత్తదా?" అంది మేనేజరు.

"కొత్తదే. కోపగించుకోకండి. ఆ పాత పాటలున్నాయే, అవి కొత్తగా ఉన్నప్పుడే నేను విన్నాను. అప్పుడు మా అత్తగారు ఇవేం పాటలు, రేకులు కొట్టినట్టున్నాయి అని తిట్టేది. నేను దొంగచాటుగా వినేదాన్ని. ఇప్పుడు మళ్ళీ దొంగచాటుగానే వింటున్నాను, కోడలి ఫోనులో." ఆమె ఊపిరి పీల్చుకుంది. "నాకు అన్నం బాగానే సయిస్తోంది. నిద్ర కూడా పడుతోంది. పళ్ళు పట్టుకొచ్చిన వాళ్ళందరికీ దండం పెడతాను, పళ్ళు చాలా బాగున్నాయి."

ముందుగా మందులషాపావిడ పకపకా నవ్వింది. ఆమెతో పాటు సగం గోదాం. కానీ కత్తెరమ్మ చూపు ముందు వరస మీదే ఉంది.

"ఏమండీ," అంది మైకులోనే. "మీకు ఆ పాటలంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. చెబితే మీ మనసు నొచ్చుకుంటుందని..."

డ్రైవరుగారు మెల్లగా లేచి నిలబడ్డారు. ఆయన అంతమందిలో మాట్లాడగా ఎవరూ విని ఉండరు.

"నాకా?" అన్నారు. "నాకు పాటలే పడవు."

"ఏ పాటలు?"

"ఏవీ. పాతవీ పడవు, కొత్తవీ పడవు. రోజంతా బస్సు ఇంజను మోత, కండక్టరు ఈల, జనం గోల. ఇంటికొస్తే కాస్త నిశ్శబ్దంగా ఉంటే చాలనిపించేది. పెళ్ళయిన కొత్తలో నువ్వు ఓసారి రేడియో విని, ఈ పాట బాగుంది కదా అన్నావు. అందుకని పెట్టాను. నువ్వు వద్దనలేదు. అలాగే పెడుతూ వచ్చాను."

"నేను మీకోసం వద్దనలేదండీ!"

"నేను నీకోసం కట్టెయ్యలేదు!"

ఆ నవ్వులకి నట్ల పెట్టె ఒకటి బల్ల మీంచి జారి, నట్లన్నీ నేల మీద దొర్లాయి. వాటిని ఏరుతున్నవాళ్ళు కూడా నవ్వుతూనే ఏరారు. డిపోలో మెకానిక్కులు పానాలతో రేకులు వాయించారని కొడుకు తర్వాత చెప్పాడు. మేనేజరు మాట్లాడలేక, పైకి చెయ్యి ఊపి పాట వెయ్యమని సైగ చేసింది. డ్రమ్ములు వచ్చాయి. ఈల వచ్చే చోట గోదాం గోదామంతా ఈల వేసింది.

ఆ సందట్లో మరిది లేచి బయటికి వెళ్ళిపోవడం కత్తెరమ్మ ఒక్కతే చూసింది.

ఆదివారం అతను టీకి రాలేదు. భోజనానికి కోడలు పిలిస్తే ఆకలి లేదన్నాడు. సోమవారం పొద్దున్న కత్తెరమ్మ టీ గ్లాసు పట్టుకుని తనే గడియారాల దుకాణానికి వెళ్ళింది. మరిది కంట్లో భూతద్దం పెట్టుకుని, ఓ గోడగడియారం పొట్ట విప్పి, అందులో ముఖం పెట్టి కూర్చున్నాడు. గోడకవతల రేడియో కూడా కట్టేసి ఉంది. గోడల నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తున్నాయి.

"టీ చల్లారిపోతుంది," అంది.

"అక్కడ పెట్టు."

పెట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకొక్కడికీ చెప్పాల్సింది వదినా," అన్నాడు చివరికి, గడియారంతో మాట్లాడుతున్నట్టు. "ఊరందరి ముందు నా గాలి తీసేశావు."

"ఊరందరి ముందు నేను అన్నం మానేశానని చెప్పిందెవరు?"

అతని భుజాలు కదిలాయి. నవ్వొచ్చినట్టుంది, ఆపుకున్నాడు. భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"నీ పేరు చెబితే వింటారనుకున్నాను. నాకు కావాలంటే ఎవరికి పట్టింది? పెళ్ళాం పిల్లలు లేని గడియారాలవాడు. వీడికి పని లేదు, వీడి గోల వీడిది అనుకుంటారు. వదిన కోసం అంటే దానికో గౌరవం."

కత్తెరమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుంది. పక్కపక్కనే ఇన్నాళ్ళున్నా ఈ మాట అతని నోట వినలేదు.

"నీకు కావాలంటే నాకు కావాలని చెప్పు," అంది. "అది చాలదా? నిన్ను కాదనేదెవరు?"

అతను టీ గ్లాసు అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాడు. "ఈ స్ప్రింగు ఎక్కించాలంటే చెయ్యి కదలకూడదు వదినా. ఆ పాటలొస్తుంటే చెయ్యి దానంతటదే నిలబడేది. ఇప్పుడు రెండు రోజులుగా ఎక్కడం లేదు."

"అయితే నువ్వే పాడుకో."

"నేనా?"

"ఎవరున్నారిక్కడ? నేనేగా."

మరిది గుమ్మం వైపు ఓసారి చూశాడు. పటకారు చేతిలోకి తీసుకున్నాడు. గొంతు సవరించుకుని, పడవ పాట లోగొంతుకతో ఎత్తుకున్నాడు. కత్తెరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. అంత చక్కటి గొంతు! గోడకు అటూ ఇటూ ఇన్నేళ్ళూ రేడియో మోగుతుంటే ఆ గొంతు ఒక్కరి చెవినా పడలేదు. చరణంలో గాయకుడు ఊపిరి తీసుకునే చోట మరిది తీసుకోలేదు. దాన్ని దాటుకుని పైకి వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, నెమ్మదిగా దిగాడు. అది ఆమె ఎన్నడూ వినని పాటలా ఉంది. రెండో చరణం దగ్గర అతనికి మాట తట్టకపోతే ఆమె అందించింది. అందించిన మనిషి ఆగలేక తనూ పాడింది. తెలిసిన పాటను వినడం విసుగే గానీ, నోరారా పాడుతుంటే విసుగు దరిదాపుల్లో లేదు.

పాట అయ్యేసరికి స్ప్రింగు ఎక్కింది. గడియారం నడిచింది.

ఆ సాయంత్రం మరిది మళ్ళీ రేడియోకి ఫోను చేశాడు. దుకాణంలో అందరూ మిషన్లాపి విన్నారు. "మా వదిన కోసం కాదు మేనేజరమ్మా," అన్నాడు. "నాకోసమే అడుగుతున్నాను. రోజుకో గంట నాకు పాత పాటలు కావాలి."

"మీ వదినగారి భోజనం ఎలా ఉంది?" అంది మేనేజరు.

"నాకన్నా ఎక్కువే తింటోంది."

అతనిలా ఇంకా ఎవరైనా ఉన్నారా అని మేనేజరు అడిగితే, ఆ వారమంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. దుకాణాలు తెరిచే వేళ పాత పాటలకు ఓ గంట దొరికింది. మిగతా రోజంతా డ్రమ్ములే. మంగలి ఆ గంటలోనే గడ్డాలు గీస్తానని బోర్డు పెట్టాడు. డ్రైవరుగారికి కోడలు చెవుల్లో పెట్టుకునే దూది తెచ్చిచ్చింది. ఆయన దాన్ని పెట్టుకుని, ఇస్త్రీ చేస్తూ, ఇంత సుఖం ఉంటుందని ఎవరైనా ముందే చెప్పకూడదా అన్నట్టు అందరి వంకా చూశారు.

ఆదివారం సాయంత్రం దుకాణం మూసేశాక మరిది, మంగలి, లెక్కల టీచరు కత్తిరించే బల్ల చుట్టూ చేరారు. పాడుకోవడానికి. రేడియో కట్టేసి ఉంది. డ్రైవరుగారు దూది కూడా చాలదని షికారుకు వెళ్ళిపోయారు. మందులషాపావిడ, "నాకు పాత పాటలు పడవు, ఊరికే కూర్చుంటాను," అని వచ్చి అందరికంటే ముందు వరస కలిపింది. మంగలి శ్రుతి ఒక దారి, పాట ఒక దారి. రెండో పంక్తికే అందరూ విడివిడిగా దారి తప్పారు. ఒకరు చివర్లో, ఒకరు మధ్యలో, టీచరు ఇంకా మొదట్లోనే.

"ఆగండాగండి," అంది కత్తెరమ్మ, నవ్వుతో రొప్పుతూ. "ఇలా కాదు. అబ్బాయ్, నువ్వెత్తుకో. మళ్ళీ మొదట్నుంచి."

మరిది ఎత్తుకున్నాడు.